పేర్లు పోయిన వరస

ఎబినేజర్ మీద మా ఊళ్ళో ఇవాళ్టికీ కోపం చల్లారలేదు. పాలకేంద్రం దగ్గరైనా, పెళ్ళి భోజనాల దగ్గరైనా ఎవరో ఒకరు ఎత్తుతారు, మా నాన్న సమాధి నంబరు పోగొట్టింది వీడేగా అని. వినీ వినీ నాకు ఒళ్ళు మండుతోంది. అందుకని రాయడానికి కూర్చున్నాను. నా పేరు దానమ్మ. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మా చర్చి కమిటీకి ఏడేళ్ళుగా సెక్రటరీని. నాకు ముక్కుమీద కోపమని ఊరంతా అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఊరు కాట్రేనికోనకి దగ్గర అని మాత్రం చెబుతాను. పేరు రాస్తే అదో గొడవ.

ఎబినేజర్ నా దగ్గర అయిదో తరగతి చదివాడు. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు వొలిచే కూలీ. ఊళ్ళో ఎవరైనా పోతే గొయ్యి తీసేది కూడా ఆయనే. కొడుకు నోట్లో నాలుక లేని పిల్లాడు. ప్రశ్న అడిగితే నేలచూపులు చూసేవాడు, రాయమంటే మాత్రం అచ్చుగుద్దినట్టు రాసేవాడు. "ఒరేయ్, నీ నోరు కూడా దేవుడు వేళ్ళల్లోనే పెట్టేడ్రా" అని నేను వెక్కిరిస్తే తల ఇంకా కిందికి దించేవాడు. పదో తరగతితో చదువాగిపోయింది. ఆ అక్షరాలు చూసే అప్పటి పాస్టరుగారు వాణ్ణి చర్చి రైటరుగా పెట్టుకున్నారు. బాప్తిస్మాలకి ఒకటి, పెళ్ళిళ్ళకి ఒకటి, సమాధులకి ఒకటి, మూడు రిజిస్టర్లు. అప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు, ఇప్పుడు యాభై రెండు.

సమాధుల రిజిస్టరంటే వాడికి ప్రాణం. మా సమాధుల దొడ్డి ఎకరం కూడా లేదు, మూడు పక్కలా వరిచేలు, ఒక పక్క కాలవ. అందరూ సిమెంటు సమాధి కట్టించుకోలేరు. చెక్క సిలువ రెండు వానాకాలాలకి పుచ్చిపోతుంది. ఆపైన ఎవరు ఎక్కడున్నారో చెప్పేది రిజిస్టరు ఒక్కటే. ఎబినేజర్ దగ్గర కొబ్బరిపీచు తాడు ఒకటి ఉండేది, మూరకో ముడి. ప్రహరీగోడ నుంచి ఎన్ని ముడులు, గేటు నుంచి ఎన్ని ముడులు, రెండేసిసార్లు కొలిచి చూసుకున్నాకే కాగితం మీద పెట్టేవాడు. పేరు, తేదీ, వయసు, వరసలో నంబరు, ముడుల లెక్క. ఎండైనా వానైనా ఆ కొలత మానలేదు. మేమంతా వాణ్ణి పైలోకం కరణంగారు అని పిలిచేవాళ్ళం. నవ్వేసి ఊరుకునేవాడు.

తొంభయ్యారు తుఫానులో మా పేట నుంచి ముప్ఫై ఒక్కమంది పోయారు. అందులో మా జీవన్ ఒకడు. వాడికి ఆరేళ్ళు. వంటింటి గోడ కూలి వాడి మీద పడింది, పట్టుకున్న నా చెయ్యి విరిగింది. నేను అమలాపురం ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటున్న రోజునే మా ఆయన వాణ్ణి మోసుకెళ్ళి మట్టికి అప్పగించి వచ్చారు. నాకు ఆఖరి చూపు లేదు. వీరాయమ్మ అని మా పేటలోనే పీచుమిల్లులో పనిచేసే మనిషి ఉండేది, ఆమెదీ అంతే. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు మొగుడూ కూతురూ ఆమె చేతుల్లోంచి జారిపోయారు. మొగుడు దొరకనే లేదు. కూతురు రెబెకా శవం దొరికింది గాని, ఆ వేళకి వీరాయమ్మ మూడూళ్ళ అవతల కాలవగట్టు మీద స్పృహ లేకుండా పడి ఉంది. రెబెకాకీ ఆరేళ్ళే. ఇద్దరూ మా బడిలో ఒకటో తరగతిలో ఒకే పలక కోసం కొట్టుకునేవారు.

ముప్ఫై ఒక్కమందినీ ఒకే రోజు, ఒకే వరసలో పెట్టారు. పెట్టెలు లేవు, చాపలే. గోతులు తీసింది ఎబినేజర్ వాళ్ళ నాన్న, ఇంకో నలుగురు. రిజిస్టర్లో రాసింది ఎబినేజర్. తరవాత ఆ వరసలో ఎవరూ విడిగా సిమెంటు కట్టకూడదని పెద్దలు తీర్మానం చేశారు. ఒకే నీళ్ళు తీసుకుపోయినవాళ్ళకి గొప్పాబీదా ఏమిటన్నారు. నేనూ చెయ్యెత్తాను. వరస మొత్తానికి మధ్యలో ఒకటే సిలువ నిలబెట్టారు. సమాధుల పండగకి అందరం దాని మొదట్లోనే కొవ్వొత్తులు వెలిగిస్తాం. కాలవ పొంగి నీళ్ళు నిలుస్తున్నాయని ఆ నేలంతా రెండడుగుల మట్టి పోసి మెరక చేశారు. ఆ మట్టికింద మా వాడు ఎక్కడున్నాడని నేను ఏనాడూ అడగలేదు. రిజిస్టర్లో ఉందిలే అనుకునేదాన్ని. తెలుసుకుంటే అక్కడ నిలబడాల్సి వస్తుందని నా భయం.

దొడ్డి నిండిపోయాక, పదేళ్ళ కిందట, కమిటీ ఇంకో తీర్మానం చేసింది. పదిహేనేళ్ళు దాటిన గోతిలో ఆ ఇంటి మనిషినే మళ్ళీ పెట్టవచ్చు. లోపల ఏమైనా మిగిలుంటే తెల్లగుడ్డలో కట్టి తలవైపు సర్దుతారు, ఆ పైన కొత్త మనిషిని దించుతారు. అయితే రిజిస్టర్లో నంబరు చూడకుండా గునపం ముట్టకూడదు. పరాయివాళ్ళ గొయ్యి తెరవడం కంటే పాపం మా వాళ్ళ దృష్టిలో ఇంకోటి లేదు. ఆ తీర్మానం చర్చిలో చదివిన ఆదివారమే వీరాయమ్మ ఎబినేజర్ దగ్గరికి వచ్చింది.

"నన్ను మా పిల్ల మీద పెట్టాలి బాబూ. రాసుకో."

"అలాగేనండి పిన్నిగారూ. రాసుకున్నానండి."

"ఏదీ, చదువు."

రిజిస్టరు చివరి పేజీలో రాసుకున్నది చదివి వినిపించాడు, అందులో రెబెకా పేరే ఉంది, నంబరు లేదు. ఆమెకి అక్షరం ముక్క రాదు. అయినా వేలు పెట్టి ఆ గీత ఎక్కడుందో చూపించుకుంది. ఆపైన ఏడాదికోసారి వచ్చి అదే అడిగి, చదివించుకుని మరీ వెళ్ళేది. "ఏం వీరాయమ్మా, చోటు రిజర్వేషన్ చేయించుకుంటున్నావా" అని నేను వేళాకోళం ఆడితే, "నాకున్న ఆస్తి అదేనండి టీచరమ్మగారూ" అనేది.

2019లో కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మా ఊరివాళ్ళు చర్చికి కంప్యూటరు కొనిపెట్టారు. ఎబినేజర్ భార్య తులసి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆమె కూడా వాటా వేసింది. అమలాపురంలో కంప్యూటర్ల పని చేసే శివాజీ వచ్చి మా మూడు రిజిస్టర్లకీ డేటాబేస్ తయారుచేశాడు. సమాధుల దాంట్లో పేర్లన్నీ ఒక పట్టీ, తేదీలూ వయసులూ చోట్లూ ఇంకో పట్టీ, రెండింటినీ కలిపే నంబరు ఒకటి. ఎబినేజర్ ఒక్క వేలితో రెండున్నరేళ్ళు కూర్చుని, పదకొండువందల నలభై మందిని అందులోకి ఎక్కించాడు. ప్రతి పేజీ నాచేత సరిచూపించి సంతకం పెట్టించుకున్నాడు. ఒక్క తప్పయినా పట్టుకుందామని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను, దొరకలేదు. తుఫాను పేజీ వచ్చినప్పుడు మాత్రం చదవకుండానే సంతకం పెట్టాను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా దగ్గర చిరిగిపోయిన బైబిళ్ళు, పాటల పుస్తకాలు చిత్తుకాగితాలకి అమ్మరు, కాల్చరు. తెల్లగుడ్డ చుట్టి సమాధుల దొడ్డిలో పాతిపెడతారు. దేవుడి మాట ఉన్న కాగితాన్ని మనిషితో సమానంగా చూడాలని మా పాతవాళ్ళ పట్టింపు. ఆ రిజిస్టర్లకి చెదలు పట్టి, బూజు పట్టి, ముట్టుకుంటే పొడి రాలేది. అంతా కంప్యూటర్లోకి ఎక్కేసింది కాబట్టి వాటిని కూడా మర్యాదగా పాతిపెడదామని కమిటీలో అన్నది నేనే. అందరూ బాగుందన్నారు. ఎబినేజర్ ఒక్కడే గుమ్మం దగ్గర నిలబడి గొణిగాడు.

"మా ఇంట్లో ఉంచుకుంటానండి టీచర్ గారూ. అటక మీద చోటుందండి."

"చెదల్ని ఇంటికి మోసుకెళ్తావా? కొత్తది వచ్చేక కూడా పాతది పట్టుకుని వేలాడతానంటావేంటి?"

"ఆయ్," అన్నాడు. వాడి ఆయ్‌లో ఎదురుమాట ఎప్పుడూ ఉండదు.

పాట పాడాం, పాస్టరుగారు ప్రార్థన చేశారు, రిజిస్టర్లని గోతిలో దించాం. ఫోటోలు తీసి ఉంచుకోవాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఎబినేజర్ తాడు తెచ్చి ఆ గొయ్యి కూడా కొలిచాడు. కంప్యూటర్లో ఎక్కించాడు కూడా. పేరు దగ్గర చర్చి రిజిస్టర్లు అని, వయసు దగ్గర నూటపన్నెండు అని. అది చూసి కమిటీ అంతా పడీపడీ నవ్వాం.

నిరుడు జూలైలో శివాజీ మళ్ళీ వచ్చాడు. పాత సాఫ్ట్‌వేర్‌కి ఇంక కాలం చెల్లిందని, కొత్త వెర్షన్ ఎక్కించకపోతే కష్టమని చెప్పి పొద్దున్నే మొదలుపెట్టాడు.

"మూడు నాలుగు గంటలు పడుద్దండి. పట్టీలన్నీ కొత్త పద్ధతిలోకి మారుతుంటాయండి. మధ్యలో మాత్రం ఆపకూడదండి," అని ఎబినేజర్‌కి అప్పగించి, కొత్తపేటలో ఇంకో పనుందని వెళ్ళిపోయాడు. కరెంటు పోయినా కంప్యూటర్ని కాసేపు నిలబెట్టే బ్యాటరీ ఒకటి ఉండేది. అది చచ్చి మూడు నెలలయింది. కొత్తది కొనమని ఎబినేజర్ రాసిచ్చిన కాగితాన్ని, వచ్చే మీటింగులో చూద్దాం, వచ్చే మీటింగులో చూద్దాం అని నెట్టుకుంటూ వచ్చింది కూడా నేనే.

పదకొండింటికి కబురొచ్చింది, కాలవ పక్కింటి ముసలాయన పోయారని. చోటు కొలవాలి. ఎబినేజర్ 'ఆపవద్దు' అని కాగితం మీద రాసి కంప్యూటరు తెరకి అంటించి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. నేను పన్నెండింటికి వచ్చాను. చర్చికి తాళం వేసేముందు వరండాలో కరెంటు మెయిన్ స్విచ్చి దించేయడం నాకు అలవాటు. ఒకప్పుడు వైర్లు కాలి పొగ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అదే పని. ఆఫీసు గదిలోకి తొంగి చూడలేదు. మెయిన్ దించి, తాళం వేసి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాను.

రెండింటికి ఎబినేజర్ తన దగ్గరున్న తాళంతో తెరిచి మెయిన్ ఎత్తాడు. కంప్యూటరు మామూలుగానే పనిచేసింది. బాప్తిస్మాలు ఉన్నాయి, పెళ్ళిళ్ళు ఉన్నాయి. సమాధుల్లో ఆ రోజు పోయిన ముసలాయన పేరు ఎక్కిస్తే ఎక్కింది. సరేననుకున్నాడు. శనివారం ఎప్పటిలాగే మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీశాడు. పాత కాపీని చెరిపేసి దాని మీదే కొత్తది. ఉన్నది ఆ ఒక్క పెన్‌డ్రైవే. మరో వారానికి ఎవరో తాతగారి నంబరు కావాలని వస్తే వెనక్కి వెళ్ళి చూశాడు. పేరుండాల్సిన చోట ఖాళీ. కిందికి జరిపాడు, ఖాళీ. ఇంకా కిందికి, ఖాళీ. తేదీలున్నాయి, వయసులున్నాయి, చోట్లున్నాయి. ఆ కొత్తగా పోయిన ముసలాయన తప్ప ఇంకొక్కరి పేరు లేదు.

శివాజీ వచ్చి రెండు రోజులు కుస్తీ పట్టాడు. మూడోరోజు చేతులెత్తేశాడు.

"చోట్ల పట్టీ బాగానే ఉందండి. పేర్ల పట్టీ మారుతుండగా సగంలో తెగిపోయిందండి. అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. ఇంక రాదండి. ఆ రోజు మధ్యలో కరెంటు పోయిందాండి?"

నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎబినేజర్ నా వైపు చూడలేదు.

"పోయుంటుందండి. నేను లేనప్పుడండి," అన్నాడు.

నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లల్ని నిలబెట్టి, తప్పు చేస్తే ఒప్పుకోండర్రా అని బెత్తం చూపించినదాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే భయం ఎక్కువేసింది.

పాతిపెట్టిన రిజిస్టర్లు తవ్వి తీద్దామన్నారు. ఆ నంబరు ఎబినేజర్‌కి నోటికొచ్చు. మా నేలలో మూడు వానాకాలాలు గడిచాయి. పైకి తీసిన గుడ్డలో నల్లటి బురద, బైండింగు దారాలు ఉన్నాయి. ఎబినేజర్ గట్టు మీద కూర్చుని ఆ బురదని వేళ్ళతో పొర పొరగా విడదీశాడు, ఎక్కడైనా ఒక్క అక్షరం ఉంటుందేమోనని. మధ్యాహ్నం దాకా అదే పని. ఎవరు లెమ్మన్నా లేవలేదు.

కమిటీ మీటింగులో మెంబరు ముత్యాలరాజు అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. "మా వాళ్ళందర్నీ నమ్మి నీ చేతికిచ్చేం కదరా" అన్నాడు. ఎబినేజర్ నిలబడి విన్నాడు. కొంతమంది వాడితో మాట్లాడటం మానేశారు. కువైట్ నుంచి తులసి ఫోన్ చేసి, ఆ పని వదిలేయమని, వచ్చే జీతం లేకపోయినా తను పంపే దాంతో బతకొచ్చని ఏడ్చిందట. వాడు వదల్లేదు. తేదీలు, వయసులు ఉన్న కాగితాలు సంచిలో వేసుకుని సైకిల్ మీద ఇంటింటికీ బయల్దేరాడు. మీ అమ్మగారు పోయింది ఏ నెలండి, వర్షాలప్పుడాండి, ఎన్నో ఏడండి అని అడగడం, తేదీ కలిస్తే పేరు రాసుకోవడం. కొందరు గుమ్మంలోంచే పొమ్మన్నారు. మళ్ళీ వెళ్ళేవాడు. ఊరొదిలినవాళ్ళ కోసం సఖినేటిపల్లి దాకా, రేవు దాటి నరసాపురం దాకా వెళ్ళాడు. ఎనిమిది నెలల్లో వెయ్యికి పైగా పేర్లు వెనక్కి తెచ్చాడు. మనిషి మాత్రం సగమైపోయాడు.

ఆఖరికి తుఫాను వరస మిగిలింది. అక్కడ తేదీ ఏ సాయమూ చెయ్యదు, అందరిదీ ఒకటే తేదీ. ఆడా మగా అన్నది పేర్ల పట్టీలోనే ఉండేది, అదీ పోయింది. వయసుల్ని బట్టి తేల్చుకోవాలి.

ఈ మార్చిలో వీరాయమ్మకి కడుపులో గడ్డ బయటపడింది. కాకినాడలో చూపిస్తే ఇంక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళ చెల్లెలి ఇంట్లో మంచం మీద ఉంది. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఎబినేజర్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ముప్ఫై ఒక్కట్లో ఇరవై తొమ్మిది తేలేయండి టీచర్ గారూ."

"మిగతా రెండూ ఎవరివి?"

"తొమ్మిదో నంబరు, పద్నాలుగో నంబరు అండి. రెండూ ఆరేళ్ళ పిల్లలవండి."

ఆ వరసలో ఆరేళ్ళవాళ్ళు ఇద్దరే. ఒకటి రెబెకాది, ఒకటి మా వాడిది. గోతులు తీసిన అయిదుగురూ ఎప్పుడో పోయారు, ఏది ఎవరిదో ఈ లోకంలో ఎవరికీ తెలీదు. మా ఆయన ఉంటే చెప్పేవారేమో. ఆయన పోయి పన్నెండేళ్ళయింది, వాళ్ళ అమ్మానాన్నల పక్కన ఆయన సొంతూళ్ళో పెట్టాం.

"రాసింది నువ్వే కదరా. ఆమాత్రం గుర్తులేదా?"

"రాసేనండి. మొహాలు చూడలేదండి. మా నాన్న చాప దించి పేరు చెప్పేవాడండి, నేను కాగితం మీంచి తల ఎత్తలేదండి. చూస్తే ఇంక రాయలేనని భయమేసిందండి. వీరాయమ్మ పిన్నిగారు అడుగుతున్నారండి. రెండిట్లో ఒకటి తెరవాలంటే మీరు సరే అనాలండి."

"మా వాడి గొయ్యి తవ్వి, వాడి మీద ఇంకొకర్ని పెడతావా? నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ రెండిటి జోలికీ వెళ్ళడానికి వీల్లేదు. పో ముందు ఇక్కణ్ణించి."

"ఆయ్," అని వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో వాడు ఒక్కమాట అనొచ్చు, ఇదంతా ఎవరి వల్ల వచ్చిందండీ అని. అంటాడేమోనని చూశాను. అనలేదు.

మూడు రోజులకి మా వాకిట్లో ఆటో ఆగింది. వీరాయమ్మని వాళ్ళ చెల్లెలు చెయ్యి పట్టుకుని దింపింది. కుర్చీ వేస్తే వద్దని గుమ్మంలో మెట్టు మీదే కూర్చుంది. మనిషి ఎముకల గూడు. ఊపిరి అందుకోవడానికే చాలాసేపు పట్టింది.

"ఎబినేజరు పంపలేదండి. నేనే వచ్చేనండి."

"ఈ ఎండలో ఎందుకొచ్చేవు వీరాయమ్మా?"

"రెండు చోట్లు మిగిలేయంట కదండి. అందులో మీ బాబుది ఏదో మీరు అనేయండి. తొమ్మిదంటే తొమ్మిది, పద్నాలుగంటే పద్నాలుగు. రెండోది మా పిల్లదనుకుంటానండి."

"అనుకుంటే సరిపోద్దా? తప్పయితేనో?"

ఆమె నా మొహంలోకి చూసింది. "తప్పయితే మీ బాబు దగ్గరుంటానండి. పిల్లాడే కదండీ. నేను చూసుకోనాండి?"

ఒక్క అంకె అంటే చాలు. ఎంతమంది పిల్లలకి అంకెలు నేర్పానో లెక్కలేదు, రెండు అంకెల్లో ఒకటి పలకలేకపోయాను. తొమ్మిది అంటే, వాడు పద్నాలుగులో ఉంటే, వాణ్ణి నా నోటితో నేనే కాదన్నట్టు అవుతుంది. వాడి చెయ్యి ఇంకోసారి వదిలేసినట్టు అవుతుంది. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పటినుంచీ అదే జబ్బు.

"రేపు చెబుతాలే, వెళ్ళు," అన్నాను.

"అలాగేనండి," అని లేచింది. ఆటో ఎక్కేముందు వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది.

రేపు అన్నది పదకొండు రోజులు సాగింది. రోజూ పొద్దున్న లేచి ఇవాళ వెళ్ళి చెప్పేద్దామనుకునేదాన్ని. చీర కట్టుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళేదాన్ని. రెండుసార్లు సమాధుల దొడ్డి గేటు దాకా వెళ్ళాను, లోపల నిలబడితే ఏదైనా తెలుస్తుందేమోనని. తెలియదని నాకే తెలుసు. పన్నెండోరోజు పొద్దున్న చర్చి గంట మోగింది. ఎవరికని అడగలేదు.

చర్చిలో శవపేటిక ముందు పాస్టరుగారు ఎబినేజర్‌ని పిలిచి అడిగారు, వీరాయమ్మ కోరిక అందరికీ తెలిసిందే, నంబరు తేలిందా అని. వాడు తేలలేదండి అన్నాడు. నా పొరపాటేనండి, క్షమించండి అని కూడా అన్నాడు. ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో గట్టిగానే తిట్టారు. నేను ముందు వరసలో, సెక్రటరీ కుర్చీలో ఉన్నాను. అప్పుడైనా లేవొచ్చు. లేవలేదు.

కాలవ పక్క మూల మిగిలిన చోటులో పెట్టారు. గొయ్యి తీస్తుంటే నీళ్ళు ఊరాయి. బకెట్లతో తోడి పోశారు, మళ్ళీ ఊరాయి. ఇంక చాలు, దించేయండన్నారు. పెట్టె నీళ్ళలోకి దిగిన చప్పుడు విన్నాను. అందరూ వెళ్ళిపోయాక ఎబినేజర్ ఒక్కడే తాడు పట్టుకుని గోడ నుంచి కొలుస్తున్నాడు. తుఫాను వరస ఎక్కడుందో, ఆ మూల ఎక్కడుందో, దొడ్డి ఆ కొసకీ ఈ కొసకీ.

నెల తరవాత వాడు లావుపాటి కొత్త రిజిస్టరు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంక కంప్యూటర్లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉండాలని కమిటీ ఒప్పుకుంది. మొదటి పేజీ నుంచీ అవే అచ్చుగుద్దిన అక్షరాలు. తుఫాను పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. తొమ్మిది ఎదురుగా ఖాళీ, పద్నాలుగు ఎదురుగా ఖాళీ.

"ఆ రోజు మెయిన్ దించింది నేనురా ఎబినేజరూ," అన్నాను. ఏడాదిగా దాచుకున్న మాట.

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"నేను వచ్చేటప్పటికి దించి ఉందండి. అది దించేది మీరొక్కరేనండి."

"మరి ఎవరికీ చెప్పలేదేం? అన్ని మాటలు పడ్డావు."

వాడు ఎప్పటిలాగే నేలకేసి చూశాడు. "మీ బాబు పేరు కూడా అందులోనే పోయింది కదండి. ఆ మాట మీకు నేను చెప్పడం ఎందుకనుకున్నానండి."

వాడి ముందు ఏడ్చాను. వాడు ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. చాలాసేపటికి కలం మూత తీసి అడిగాడు.

"తొమ్మిదిలో ఏం రాయమంటారండి?"

"ఇద్దరి పేర్లూ రాయి. జీవన్, రెబెకా."

"పద్నాలుగులో అండి?"

"అక్కడా ఇద్దరి పేర్లూ రాయి."

రాశాడు. నేను పేజీ చదివి సంతకం పెట్టాను. వచ్చే ఆదివారం చర్చిలో నేను రాసిన ఈ కాగితాలన్నీ చదువుతాను, పాస్టరుగారికి చెప్పాను. వీరాయమ్మకి ఇది ఎందుకూ పనికిరాదు. ఆమెని తొమ్మిదిలో పెట్టినా, పద్నాలుగులో పెట్టినా, ఆ ఇద్దరు పిల్లల్లో ఒకరికి తల్లి దగ్గరుండేది. అది జరగనివ్వనిది నేను, ఎబినేజర్ కాదు.